గిన్నె నిండా టీ

బుధవారం పొద్దున పది గంటలకి సారిబులాక్ రైల్వే బడిలో నర్సు గది ముందు పదకొండుమంది తల్లులు, ఒక తండ్రి, ఒక మేనత్త పోగయ్యారు. అందరికన్నా గట్టిగా అరుస్తున్నది మేనత్తే. ఆవిడ మేనకోడలు చదివేది ఊరవతలి బడిలో. అక్కడ ఎవరికీ సూదే వెయ్యలేదు. అయినా ఇలాంటి రోజు ఇంట్లో కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది?

"ఏం పొడిచావే మా పిల్లలకి?"

"క్షయ రాకుండా టీకా," అంది కంషాత్. సెప్టెంబర్ నుంచి ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. "పుట్టినప్పుడు వేసిందే. ఇప్పుడు రెండోసారి. మీరందరూ సంతకాలు పెట్టారు."

"సంతకం పెడితే చంపేస్తావా?"

ఒక తల్లి కొడుకు చొక్కా చెయ్యి పైకి లాగి భుజం చూపించింది. "ఇదిగో. చీము పట్టింది."

"అది పట్టాలక్కా. పట్టకపోతే నేను కంగారు పడాలి."

"పడితే మేం కంగారు పడాలి, పట్టకపోతే నువ్వు పడాలి. మొత్తానికి ఎవరో ఒకరికి నిద్ర ఉండకూడదన్నమాట!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కంషాత్ కూడా నవ్వబోయింది. అంతలో వెనక వరసలోంచి ఎవరో మెల్లగా అన్నారు.

"మరాల్‌కి కూడా ఇలాగే చెప్పావంటగా."

ఇక ఎవరూ నవ్వలేదు.

మరాల్‌కి పన్నెండేళ్ళు, ఆరో క్లాసు. సూది వేసిన ఆరు వారాలకి జ్వరం పట్టుకుంది. సూది వేసిన ఎడమవైపే చంకలో బిళ్ళ కట్టింది. పది రోజుల కింద జిల్లా క్షయ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్-రేలో రెండు ఊపిరితిత్తుల నిండా కొర్రలు చల్లినట్టు చుక్కలు. మొన్నటి నుంచి మత్తు. పిలిస్తే కళ్ళు తెరుస్తుంది గానీ, ఎవరు పిలిచారో అని వెతకదు.

ఈ టీకా పనిచేస్తుందో లేదో తేల్చడానికి పద్నాలుగు బడుల పేర్లు చీటీల మీద రాసి, ఒక నక్కతోలు టోపీలో వేసి తీశారు. ఏడు బడుల పిల్లలకి రెండో టీకా. మిగతా ఏడింటిలో ఏమీ వెయ్యరు, ఊరికే చూస్తారు. రెండేళ్ళ తర్వాత లెక్క తీస్తారు: ఎక్కడ ఎంతమందికి క్షయ వచ్చింది, టీకా వల్లే ఎంతమందికి హాని జరిగింది అని. రైల్వే బడికి సూది చీటీ వచ్చిన రోజు హెడ్మాస్టరమ్మ లాటరీ తగిలినట్టు చప్పట్లు కొట్టింది. ఇప్పుడు కంషాత్ ఎదురొస్తే గోడమీద పటాలు చూస్తోంది.

మరాల్ సంగతి విచారించడానికి శుక్రవారం కమిషన్ వస్తోంది.

పదకొండింటికి ఆఫీసు గదిలో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్ అస్ఖర్. టీకా లెక్కంతా ఆయన చేతిమీదే నడుస్తోంది. మరాల్ మంచం పక్కన కూడా ఇప్పుడు ఆయనే ఉన్నాడు.

"కంషాత్, కూర్చున్నావా?"

"నిలబడే ఉన్నా డాక్టర్. ఇక్కడ నాకు కుర్చీలివ్వడం మానేశారు."

ఆయన నవ్వలేదు. "నాలుగు మందులు ఇస్తున్నా. ఇవాళ పదో రోజు. జ్వరం పిసరంతైనా తగ్గలేదు. మూడు దారులున్నాయి, విను. టీకాలోని క్రిమే ఒళ్ళంతా పాకి ఉంటే, ఒక మందు మార్చాలి. ఎవరిదో మామూలు క్షయ అంటి ఉంటే, ఈ మందులతోనే ఓపిక పట్టాలి. మందులకి లొంగని క్షయ అంటి ఉంటే, నేను పదిరోజులుగా పోస్తున్నది మంచినీళ్ళు."

"పరీక్షకి పంపారు కదా?"

"పంపా. ఆ క్రిమి పెరిగి జవాబు చెప్పేసరికి రెండు నెలలు. ఈ పిల్లకి రెండు వారాలు కూడా లేవు." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "లొంగని రకానికి మందులు ఆల్మాటీలో ఒక బీరువాలో ఉన్నాయి. ఆ తాళం తియ్యాలంటే కాగితం కావాలి. ఫలానా మనిషి నుంచి అంటింది, ఆ మనిషి కఫం మీద ఫలానా మందులు పనిచెయ్యలేదు అని. అనుమానానికి ఇవ్వరు. అంటే నాకొక మనిషి కావాలి. నీ ఫారం నా ముందే ఉంది. ఇంట్లో క్షయ ఉన్నవాళ్ళు గానీ, విడవకుండా దగ్గేవాళ్ళు గానీ ఉన్నారా? లేరు. కింద నీ సంతకం."

"లేరు డాక్టర్. అమ్మ, పిల్ల, ఇద్దరే ఆ ఇంట్లో. తండ్రి పోయినేడు గుండెపోటుతో పోయాడు. మొన్న అమ్మకి ఎక్స్-రే తీయించా, శుభ్రంగా ఉంది."

"అయితే టీకానే. కమిషన్‌కి అదే చెప్తా. అంతా ఆగిపోతుంది. మందు మారుస్తా." కాగితాల చప్పుడు ఆగింది. "అది తప్పు మందైతే, మళ్ళీ మార్చడానికి టైముండదు."

ఫోను పెట్టి చెయ్యి తీసేలోపే మళ్ళీ మోగింది. ఈసారి లారిసా త్సోయ్. పద్నాలుగు బడుల ఫారాలూ ఆల్మాటీలో కంప్యూటర్‌లోకి ఎక్కించేది ఆ కొరియన్ల పిల్లే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ ఫోనులో తిట్టుకునేంత స్నేహం.

"నీ ఫారాలు తిని నా కంప్యూటర్‌కి అజీర్తి చేసింది."

"ఇవాళ వద్దు లారిసా."

"ఇవాళే కావాలి. శుక్రవారానికి అంతా శుభ్రం చేసి ఇమ్మన్నారు. బిడ్డ పుట్టేనాటికి తల్లికి నలభై అయిదు దాటితే ఎర్ర గీత పెట్టమని ప్రోగ్రాం రాశా. మీ బడి ఒక్కదానికే ముప్పై ఒకటి! ఏం తింటారే మీ ఊళ్ళో? ఇక్కడొకావిడ యాభై రెండేళ్ళకి కన్నది. ఆవిడకి పతకమన్నా ఇవ్వాలి, నీకు కళ్ళజోడన్నా కొనివ్వాలి. తేదీలు తప్పు రాశావా?"

కంషాత్ నవ్వింది, ఆ వారంలో మొదటిసారి. "తప్పేం కాదు తల్లీ. మొదటి బిడ్డని తాతా నాయనమ్మలకి ఇచ్చేస్తాం కదా. వాళ్ళ పేరు మీదే రాయిస్తాం. కాగితాల ప్రకారం మా అమ్మకి నేను నలభై తొమ్మిదో ఏట పుట్టా. అందులో వింతేముంది—"

అక్కడ ఆగిపోయింది.

"ఉన్నావా?"

"మరాల్ ఫారం తియ్యి. తల్లి పుట్టిన సంవత్సరం చదువు."

కీబోర్డు టకటకలాడింది. "నలభై ఒకటి. పిల్లది ఎనభై ఎనిమిది. అంటే నలభై ఏడు. ఎర్ర గీతే. ఏమైంది?"

కంషాత్ హెడ్మాస్టరమ్మ కుర్చీలో, అడక్కుండానే, కూర్చుంది.

కంషాత్ కన్నతల్లిని వదినా అంటుంది. కన్నతండ్రిని అన్నా అనేది. ఆయన పోయినప్పుడు కూతుళ్ళు కూర్చుని ఏడ్చేచోట కాకుండా చెల్లెళ్ళ వరసలో కూర్చుని ఏడ్చింది. ఇదేమీ దాచిన సంగతి కాదు. ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అంటే ఆ నాయనమ్మ ఒళ్ళోంచి బిడ్డని లాక్కున్నంత పని. బయటూరి నర్సైతే యాభై తొమ్మిదేళ్ళ తల్లి పక్కన పన్నెండేళ్ళ కూతుర్ని చూసి, 'ఇదెలా అమ్మా?' అని ఒక్క ముక్క అడిగేది. కంషాత్‌కి అక్కడ అడగాల్సిందేదీ కనపడలేదు. తన ఇల్లూ అలాంటిదే.

కాగితాల్లో మరాల్ తల్లి ఊర్కియా, అసలు నాయనమ్మ. ఊర్కియా పెద్దకొడుకు మెయిర్మాన్. రైలు కట్ట అవతల పెళ్ళాంతో, ఇద్దరు చిన్నపిల్లలతో వేరే కాపురం. రాగితీగ దొంగతనానికి నాలుగేళ్ళు జైలుకి పోయి, క్షమాభిక్షలో ఆగస్టు చివర బయటపడ్డాడు. జైళ్ళలోంచి జనం దేంతో బయటికొస్తున్నారో నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

టీకాకి ముందు, క్షయ అంటిందేమో అని చేతిమీద చేసిన పరీక్షలో మరాల్‌కి ఏమీ పొంగలేదు. కంషాతే కొలిచింది. సెప్టెంబర్ మధ్యలో. అప్పటికి అంటుకుని రెండు వారాలైతే తోలుకి ఆ కబురు ఇంకా తెలియదు. పట్టుకోగలిగింది ఫారంలోని ఆ ఒక్క ప్రశ్నే.

*

"రా నా తల్లీ," అంది ఊర్కియా తలుపు తీసి. "బిడ్డ కబురేమన్నా తెలిసిందా? ఆదివారం దాకా చూడనివ్వరంట, రాక్షసులు."

ఇంటి నిండా దిష్టి తీసే ఆకు పొగ. బల్ల మీద రొట్టె, వేయించిన పిండిముద్దలు, పాల టీ. ఊర్కియా గిన్నె అడుగున రెండు గుక్కలు పోసి ఇచ్చింది. మర్యాద అంటే అదే. తాగినకొద్దీ మళ్ళీ పోస్తానని, ఇంకాసేపు కూర్చోమని.

"పెద్దమ్మా, ఒకటి అడుగుతా. కోప్పడకు."

"కోపమొచ్చేదైతే అడక్కు."

"మరాల్ మెయిర్మాన్ అన్న ఇంటికి పోతుందా?"

ఊర్కియా కంషాత్ చేతిలోంచి గిన్నె తీసుకుంది. టీ పోసింది. ఆపలేదు. అంచు దాకా, ఇంకో బొట్టు పడితే పొర్లేదాకా పోసి ముందు పెట్టింది.

"తాగు. చల్లారిపోతుంది."

నిండు గిన్నె పెట్టారంటే తాగి లేవమని. ఆ మాట నోటితో చెప్పాల్సిన పని లేదు, కంషాత్‌కి అయిదేళ్ళప్పటి నుంచి తెలుసు. గిన్నె రెండు చేతులా ఎత్తి, కాలుతున్నదాన్ని కాలుతున్నట్టే తాగేసింది. నాలుక మొద్దుబారింది. ఖాళీ గిన్నె ముందుకి జరిపింది.

"ఇంకొంచెం పొయ్యి పెద్దమ్మా."

ఊర్కియా నోరు తెరిచి అలాగే చూసింది. ఇన్నేళ్ళ బతుకులో ఇంత సిగ్గులేని అతిథిని చూసి ఉండదు.

"నువ్వూ నాయనమ్మ బిడ్డవే," అంది చివరికి. "నీకు తెలీకనా అడుగుతున్నావు?"

"తెలుసు కాబట్టే అప్పుడు అడగలేదు. అదే నా తప్పు."

"నలభై రోజుల పసిగుడ్డప్పుడు నా రొమ్ముమీద పడుకోబెట్టుకున్నా దాన్ని. అది నా కూతురు. వాళ్ళ గడప తొక్కనివ్వలేదు నేను. ఎందుకో తెలుసా? వదినా అన్న నోరు ఒక్కసారి అమ్మా అందంటే, నాకింకేం మిగులుతుందే? వాడొచ్చిన రోజు విందులో చూసింది. తలొంచుకుని పలకరించింది. అంతే." కుడిచెయ్యి రొట్టె మీద పెట్టింది. "ఈ రొట్టె మీద ఒట్టు."

రొట్టె మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడే మనిషి కాదు ఊర్కియా. కంషాత్ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. డాక్టర్‌కి ఫోను చేసి, 'టీకానే' అని చెప్పడం ఒక్కటే మిగిలింది.

లేచాక అల్మారా కనిపించింది. పోయిన పెద్దాయన ఫొటో పక్కన మెరుస్తున్న చిన్న కప్పు, కింద ప్రశంసాపత్రం. తొమ్మిది గుంటల ఆట, జిల్లా పోటీ, బాలికల్లో ప్రథమం.

"ఇదెప్పుడు గెలిచింది?"

"అక్టోబర్లో." ఊర్కియా మొహం ఆ ఒక్క క్షణం విచ్చుకుంది. "అంతకుముందు దానికి గులకరాళ్ళు లెక్కపెట్టడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. సెప్టెంబర్ నుంచి పట్టుకుంది చూడు! రోజూ బడయ్యాక ఆరింటి దాకా క్లబ్బే."

"ఏ క్లబ్బు?"

"మీ బళ్ళో క్లబ్బే. ఏం, నీకు తెలీదా?"

కంషాత్‌కి తెలుసు. ఆట నేర్పే మాస్టారు రెండేళ్ళ కింద బజార్లో చైనా చెప్పులు అమ్ముకోవడానికి పోయాడు. క్లబ్బు గదిని నర్సు గది చేశారు. ఆ తొమ్మిది గుంటల పలకలు ఇప్పటికీ ఆమె బరువు తూచే యంత్రం కింద దొంతరగా పడున్నాయి.

"పెద్దమ్మా, ఆ క్లబ్బు మూసి రెండేళ్ళయింది. చిన్నప్పుడు మెయిర్మాన్ అన్న ఈ ఆట ఎలా ఆడేవాడు?"

ఊర్కియా రొట్టె మీది చెయ్యి, కాలినట్టు, వెనక్కి తీసుకుంది.

*

రైలు కట్ట పక్కన మెయిర్మాన్ ఇనప డబ్బా కొట్టు. టీవీలు, రేడియోలు బాగుచేయబడును. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో దూది కుక్కి, పైన కాగితం పట్టీలు అంటించాడు. లోపల పొయ్యి, టంకం వాసన, రెండు ముక్కాలిపీటలు. మధ్యలో పలక. గుంటల్లో రాళ్ళు సగం ఆటలో ఉన్నాయి. వాటిమీద సన్నగా దుమ్ము.

కంషాత్ గుమ్మంలోనే తలగుడ్డ అంచు ముక్కుమీదికి లాక్కుంది.

"చలేస్తోందా నర్సమ్మా?" అన్నాడు మెయిర్మాన్. ముప్పై రెండేళ్ళ మనిషి, యాభై ఏళ్ళ బుగ్గలు. "టీవీ పాడైందా?"

"కాదన్నా. ఆట చూద్దామని. ఎవరి వంతు ఇప్పుడు?"

అతనికి దగ్గు వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. బల్ల పట్టుకుని వంగిపోయాడు. తేరుకున్నాక కూడా ఆమె మొహం చూడలేదు. "దానిది. చెల్లిది."

"జైల్లోంచి పంపేటప్పుడు కాగితం ఇస్తారు. క్షయ ఆసుపత్రిలో చూపించమని. అది కావాలి."

"నాకేం కాగితం లేదు. సిగరెట్ల దగ్గు."

"సిగరెట్లేవి?"

మెయిర్మాన్ చుట్టూ చూశాడు. కొట్లో ఒక్క పీక కూడా లేదు. "అయినా నన్నేం అడుగుతావు? మీ సూది వల్లే అని ఊరంతా అంటోంది. నామీదికి తోసి బయటపడదామనా?"

"కొంచెం అదీ ఉంది," అంది కంషాత్. అబద్ధమాడే ఓపిక లేదు. "సూది వల్ల కాకపోతే బాగుండని పదిరోజులుగా అనుకుంటున్నా. సూది వల్లే అయితే బాగుండని నువ్వు అనుకుంటున్నావు. మనిద్దరం ఏమనుకున్నా ఆ పిల్ల ఊపిరితిత్తుల్లో ఉన్నది మారదు. అదేంటో చెప్పే కాగితం రెండు నెలలకి వస్తుంది, పిల్ల అప్పటిదాకా ఉండదు. ఇప్పుడే చెప్పగల కాగితం ఒక్క నీ దగ్గరే ఉంది."

కొట్టు వణికించుకుంటూ గూడ్సు బండి పోయింది. గుంటల్లో రాళ్ళు చిటచిటలాడాయి. బండి దాటాక మెయిర్మాన్ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"చూపిస్తే మళ్ళీ తాళమేస్తారు చెల్లీ. క్షయ వార్డుకీ తాళమే, నాకు తెలుసు. నేను పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. వచ్చేసరికి ఇంత పొడుగు. మా అమ్మ ముందు దాని తలమీద చెయ్యి వెయ్యకూడదు నేను. పేరు పెట్టి గట్టిగా పిలవకూడదు. ఇక్కడైతే ఆటే కదా అనుకున్నా." పలక వైపు చెయ్యి చూపించాడు. "అది అటు, నేనిటు. మధ్యలో ఇది. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, ఒట్టు. నా గ్లాసు కూడా వేరే పెట్టుకున్నా. ముట్టుకోకపోతే అంటదనుకున్నా."

కంషాత్ రెండు పీటల వైపు చూసింది. గాలి చొరని ఈ గదిలో రోజూ మూడేసి గంటలు, మూరెడు దూరంలో, మొహానికి మొహం. వెంట్రుకైనా తాకకుండా.

అతను లేచి, ఒక పాత టీవీ వెనకభాగం విప్పాడు. నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. జైలు ముద్ర, తేదీ, మందుల పేర్లు వరసగా. మొదటి రెండింటి ఎదురుగా ఒకటే మాట: లొంగలేదు. మూడోదాని ఎదురుగా కూడా.

"ఫోనుందా?"

గోడమీది నల్ల ఫోను చూపించాడు.

"ఎవరిదిది?"

"రైల్వేది."

"లైనో?"

"అదీ రైల్వేదే. అడక్కు."

రాగితీగకి నాలుగేళ్ళు పోయొచ్చి, ఇంకో తీగ. ఇంకో రోజైతే కంషాత్ నవ్వేది. ఆసుపత్రి నంబరు తిప్పింది. డాక్టర్ అస్ఖర్ లైన్లోకి రాగానే అక్షరం అక్షరం చదివింది. అవతల కలం గీస్తున్న చప్పుడు.

"మూడూ పోయాయా? అయితే నేనిస్తున్న నాలుగిట్లో ఒకటే మిగిలింది," అన్నాడు ఆయన. "రోజూ మూడు గంటలు అన్నావు. ఇతనికీ పిల్లకీ ఏం సంబంధం?"

"అది..."

"గడి ఉంది కంషాత్, నింపాలి. ఎవరో జైలు మనిషి, వేరే ఇల్లు అని రాస్తే బీరువా దగ్గరున్నవాడు వెనక్కి పంపుతాడు. రోజూ పిల్ల అక్కడికెందుకు పోతుందని అడుగుతాడు. నేనేం చెప్పను? కుటుంబం వాళ్ళెవరన్నా నాకు చెప్పాలి."

కంషాత్ ఫోను మెయిర్మాన్ వైపు చాపింది. అతను చెయ్యి ముందుకి పెట్టి, మళ్ళీ దించేశాడు. ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూస్తున్నాడు.

గుమ్మంలో ఊర్కియా. కట్ట వెంట నడిచొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. ఆమె చూపు కొడుకు మీద లేదు. రెండు పీటల మీద, మధ్యలో పలక మీద ఉంది.

"చెప్పన్నా," అంది కంషాత్.

మెయిర్మాన్ తల దించుకున్నాడు. తల్లి ముందు నోట్లోంచి ఆ మాట రాదు. ముప్పై రెండేళ్ళుగా రాకుండా పెంచారు.

"అన్న," అన్నాడు నేలని చూస్తూ. "అన్న అని రాయించు."

ఫోనులో డాక్టర్, "హలో? హలో?" అంటున్నాడు.

ఊర్కియా మూడడుగుల్లో లోపలికొచ్చి ఫోను లాక్కుంది. జీవితంలో ఫోను ఎక్కువ వాడిన మనిషి కాదు, అవతలివాళ్ళు ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలని ఆమె నమ్మకం.

"డాక్టరు బాబూ! అన్న కాదు. తండ్రి. కన్నతండ్రి అని రాసుకో. నేను నాయనమ్మని." రెండో చేత్తో కూడా ఫోను పట్టుకుంది. "రాశావా? రెండు చోట్ల రాయి. ఒకటి చెరిగిపోతే ఇంకోటుంటుంది."

ఫోను కంషాత్ చేతిలో పెట్టి, కొడుకు వైపు తిరక్కుండానే కిటికీ దగ్గరికి పోయింది. గోళ్ళతో కాగితం పట్టీలు పీకడం మొదలుపెట్టింది.

"ముసలిదానిలా మూసుకుని కూర్చున్నాడు," అని గొణిగింది. "కాస్త గాలి రానివ్వు లోపలికి."

*

మందులు గురువారం రైల్లో వచ్చాయి. కమిషన్ శుక్రవారం వచ్చింది.

అయిదుగురు. హెడ్మాస్టరమ్మ బిస్కెట్లు పెట్టింది, ఎవరూ ముట్టలేదు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మరాల్ ఫారం పైకెత్తి అడిగాడు. "ఇంట్లో ఎవరూ లేరని రాశారు. ఆ ముసలావిడ మీతో అబద్ధం చెప్పిందా?"

"లేదండి. నిజమే చెప్పింది. నేనే తప్పు ఇంటి గురించి అడిగాను."

"మీది ఈ ఊరే కదా? మీకు తెలియని ఆచారమా ఇది?"

"తెలిసిందే. అందుకే కనపడలేదు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి ఈ జవాబు అర్థమైందో లేదో తెలియదు. పక్కనున్నావిడ మాత్రం, పొట్టి జుట్టు కజాఖ్ డాక్టరమ్మ, తల దించుకుని కాగితం మీద ఏదో లెక్క వేసుకుంది. తన వయసో, వాళ్ళమ్మ వయసో.

టీకా పని ఆగలేదు. టీకా వెయ్యకూడని పిల్లకి వేశారని కంషాత్ పేరు మీద హెచ్చరిక రాశారు. అది న్యాయమే. చంకలో బిళ్ళ మాత్రం టీకాదే కావచ్చని హాని గడిలో విడిగా రాశారు. అదీ న్యాయమే. రెండేళ్ళ తర్వాత ఆ గడులన్నీ కూడితే టీకా మంచిదో కాదో తేలుతుంది. అప్పటిదాకా మేనత్తలు అరవచ్చు.

మెయిర్మాన్ తనంతట తనే సంచి సర్దుకుని తాళమేసే వార్డుకి పోయాడు. కొట్టు తలుపు ఊర్కియా వేసింది. పెళ్ళానికీ, ఇద్దరు పిల్లలకీ పరీక్షలు మొదలయ్యాయి.

కొత్త మందులు మొదలెట్టిన పదకొండో రోజున మరాల్ జ్వరం దిగింది. ఆ మందుల్లో ఒకటి చెవుల మీద పడుతుంది. కుడిచెవికి వినికిడి తగ్గింది, మళ్ళీ వస్తుందని డాక్టర్ అనడం లేదు. అందుకే ఆదివారం కంషాత్ ఎడమవైపు కూర్చుంది. పిల్ల చాలాసేపు పైకప్పు చూసి, ఎవరి వంతు అని అడిగింది.

"నీదే," అంది కంషాత్. "అలాగే ఉంచారు. ఎవరూ కదపలేదు."

సోమవారం లారిసా ఫోను చేసింది. "ఇంకా ముప్పై ఎర్ర గీతలున్నాయి. ప్రోగ్రాంలోంచి ఆ రూలు తీసెయ్యనా? నాకు తలనొప్పి తగ్గుతుంది."

"తియ్యకు. అన్నిటికీ నేనే పోతున్నా."

"ఏమని అడుగుతావే?"

"ఎవరు కన్నారు, వాళ్ళిప్పుడెక్కడున్నారు, దగ్గుతున్నారా అని."

"కొడతారు నిన్ను."

"కొట్టరు. టీ పోస్తారు."

మొదటి ఇల్లు స్టేషన్ వెనక వీధిలో. ఇంటావిడకి యాభై ఏడు, కొడుక్కి పదకొండు. కంషాత్‌ని చూసి సంబరపడింది, కొత్త రొట్టె కోసింది, గిన్నె అడుగున రెండు గుక్కలు పోసింది. ఊరి కబుర్లు, కొండెక్కిన పిండి ధర, మరాల్ ఆరోగ్యం, అన్నీ అయ్యాయి. అప్పుడు కంషాత్ అడిగింది.

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. చెయ్యి చాపి గిన్నె తీసుకుంది. టీ పోసింది. ఆపలేదు.

ఊర్కియా ఇంట్లో కాలిన కంషాత్ నాలుక ఇంకా పూర్తిగా తగ్గలేదు. రెండు చేతులా గిన్నె ఎత్తింది. చివరి చుక్క దాకా తాగింది. బల్ల మీద పెట్టి ముందుకి జరిపింది.

"బాగుంది పెద్దమ్మా," అంది. "ఇంకొంచెం పొయ్యి."